చిన్న ఉద్యోగి మాట విన్న యాజమాన్యం

సంపాదకులకు నమస్కారాలు.

విశాఖ పారిశ్రామిక ప్రాంతం పేరు పత్రికల్లో పతాక శీర్షికకు ఎక్కిందంటే చాలాసార్లు ఎక్కడో ప్రమాదం జరిగిందనే అర్థం. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ వాయువు లీకైన ఘటననూ, 2024 ఆగస్టు 21న పొరుగున ఉన్న అచ్యుతాపురం సెజ్‌లోని ఔషధ కర్మాగారంలో పేలుడు సంభవించి 17 మంది ప్రాణాలు కోల్పోయిన ఘటననూ ఇక్కడ పనిచేసే మేమెవరమూ మరచిపోలేము. ఆ వార్తలు రావలసినవే. అయితే ఒక యాజమాన్యం సకాలంలో విన్నందువల్ల జరగకుండా పోయిన ప్రమాదం గురించి కూడా పాఠకులకు తెలియాలన్న ఉద్దేశంతో ఈ లేఖ రాస్తున్నాను.

నేను గాజువాక ఆటోనగర్‌లోని ఒక మధ్యతరహా ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, అక్కడే చాలాకాలంగా పనిచేస్తున్నాను. కొంతకాలం క్రితం ఒక సాయంత్రం బరువైన గర్డర్లను లారీకి ఎక్కిస్తుండగా, శ్రీకాకుళం జిల్లా నుంచి కొత్తగా వచ్చిన కాంట్రాక్టు హెల్పరు ఒకడు వైర్ రోప్ స్లింగును (బరువును క్రేన్‌కు తగిలించే ఉక్కు తీగల తాడును) చేత్తో తడిమి, గ్లౌజులోంచి తీగ గుచ్చుకోవడంతో ఆగిపోయాడు. స్లింగు కన్ను దగ్గర, అంటే కొక్కేనికి తగిలించే ఉచ్చు దగ్గర, గ్రీజు కింద, చాలా తీగలు తెగి ఉన్నాయి. లారీ ఆ రాత్రికే బయలుదేరాలి, ఆలస్యమైతే కొనుగోలుదారుకు జరిమానా కట్టాలి, క్రేన్ ఆపరేటరు తొందరపెడుతున్నాడు. అలాంటి వేళ కొత్త కుర్రాడు నోరు తెరవడం ఎంత కష్టమో ఈ పనిలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. అయినా అతడు అటుగా వచ్చిన మేనేజరు గారితో "సార్, ఈ స్లింగు బాగోలేదండి" అన్నాడు.

ఆయన వెంటనే లోడింగు ఆపించి, "ఎక్కడ బాబూ, చూపించు" అంటూ మోకాళ్లమీద కూర్చుని టార్చి వెలుగులో స్వయంగా చూశారు. ఆ తరువాత గ్యాస్ కట్టరు తెప్పించి ఆ స్లింగును అందరి ముందూ ముక్కలుగా కోయించారు. పనికిరాదని పక్కన పడేస్తే మరో షిఫ్టులో ఎవరో ఒకరు మళ్లీ తగిలిస్తారని ఆయనకు తెలుసు. కొనుగోలుదారుకు తానే ఫోన్ చేసి ఆలస్యానికి బాధ్యత తీసుకున్నారు. మర్నాడు పని మొదలుకాకముందు జరిగే టూల్‌బాక్స్ టాక్ అనే భద్రతా సమావేశంలో ఆ కుర్రాడి పేరు చెప్పి మెచ్చుకున్నారు, కానీ అంతకుముందు ఆ స్లింగు వాడినవారెవరని ఎవరినీ నిలదీయలేదు. నా దృష్టిలో ఆ రెండో విషయమే ముఖ్యమైనది. ఆ రోజు ఎవరికైనా మెమో ఇచ్చి ఉంటే, తరువాత కనబడిన లోపాలను మేము దాచిపెట్టేవాళ్లమే. ఇప్పుడు మా దగ్గర బీటలు వారిన గ్రైండింగ్ వీలు, ఊడిన ఎర్తింగ్ తీగ, పని చేయని లిమిట్ స్విచ్చి వంటివి ఎవరు చూసినా రిజిస్టరులో రాస్తారు. రాయడం రానివారు చెబితే సూపర్‌వైజరు రాసి, చెప్పినవారి పేరే పెడతారు.

కార్మికులకు ఈ హక్కును ఎవరో కొత్తగా దయచేయలేదు. 1984 నాటి భోపాల్ విషాదం తరువాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడే, ప్రమాదకర ప్రక్రియలున్న కర్మాగారాల్లో ముంచుకొస్తున్న అపాయాన్ని యాజమాన్యం దృష్టికి తెచ్చే హక్కును కార్మికులకు కల్పించారు. చట్టంలో ఉన్నది నోటిదాకా రావాలంటే మాత్రం, చెప్పినవాడి ఉద్యోగం పోదన్న నమ్మకం ఉండాలి. అది కంపెనీ కట్టే జీతంతో పుట్టదు. మా వర్క్‌షాపులో జీతాలు ఆటోనగర్‌లో అందరికంటే ఎక్కువేమీ కావు, ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి నెలలో ఓవర్‌టైము భారం ఇప్పటికీ ఉంది.

ఆ నమ్మకానికి పునాది మాకు హుద్‌హుద్ నాడే పడింది. 2014 అక్టోబరు 12న వచ్చిన ఆ తుపానుకు మా షెడ్డు పైకప్పు రేకులు లేచిపోయాయి, కరెంటు లేక రోజుల తరబడి పని ఆగిపోయింది. ఆ రోజులకు జీతం కోస్తారని అనుకుంటూ ఉండగానే పూర్తి జీతాలు చేతికిచ్చి, దీపావళికి ముందు అడిగినవారికి అడ్వాన్సు కూడా ఇచ్చారు. కాంట్రాక్టు కార్మికులకు ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కార్డులు ఇప్పించడంలోనూ అదే తీరు. యజమాని వాటా వేతనంలో 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం మాత్రమే అయినా, ఆ కాస్త మిగుల్చుకోవడానికి హెల్పర్ల పేర్లు రికార్డుల్లోకే ఎక్కించని చోట్ల మావాళ్లలో కొందరు ఇంతకుముందు పనిచేసి వచ్చారు. మా దగ్గర చేరిన హెల్పరొకరు తన భార్య కాన్పుకు ఆ కార్డు ఉపయోగపడిందని చెబుతూ కంటతడి పెట్టుకోవడం నేను చూశాను.

ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం జరుపుతారు. ఆ సందర్భంగా పరిశ్రమలను సత్కరించే అధికారులకు మీ పత్రిక ద్వారా నాదొక విన్నపం. దస్త్రాలు తిరగేసి ఊరుకోకుండా, యాజమాన్య ప్రతినిధులు లేని చోట కాంట్రాక్టు హెల్పర్లను కూర్చోబెట్టి, చివరిసారి వారు ఏ లోపం గురించి చెప్పారో, చెప్పిన తరువాత తమకేమైందో అడిగి తెలుసుకున్నాకే ఎంపిక చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫిట్టరు,
గాజువాక, విశాఖపట్నం