తెల్ల చారలు మురికి కాదు

సంపాదకులకు,

మసకబారిన అలాయ్ వీల్స్‌కు యాసిడ్ క్లీనర్ పట్టించి వైర్ బ్రష్‌తో రుద్దితే కొత్తవాటిలా అవుతాయని మీ వాహనాల పేజీలో చిట్కా వేశారు. లోహాన్ని రుద్ది మెరిపించే బఫింగ్ మోటారు ముందే ఇన్నేళ్లూ గడిపినవాణ్ని, చదివి ఊరుకోలేక రాస్తున్నాను.

రాయి తగిలో, పేవ్‌మెంట్ అంచు గీసుకునో చక్రం మీది క్లియర్ కోట్, అంటే రంగులేని రక్షణ పొర, చిట్లుతుంది. ఆ సందులోంచి తడి, ఉప్పు దిగి లోపలి అల్యూమినియంను తింటాయి. దగ్గరగా చూడండి, దెబ్బ తగిలిన చోటి నుంచి సన్నటి తెల్ల చారలు పురుగు పాకినట్టు వంకరటింకరగా సాగుతుంటాయి. అవి పొర కింద ఉన్నాయి. పైన ఎంత రుద్దినా మెరిసేది క్లియర్ కోటే.

యాసిడ్ ఆ లోహాన్ని ఇంకా కొరుకుతుంది. కాస్టిక్ సోడా అయితే మరీ ఘోరం, బుసబుసా పొంగించి నల్లబరుస్తుంది. బ్రష్ నుంచి రాలిన ఇనుప రేణువులు మెత్తటి అల్యూమినియంలో దిగబడి, తడి తగలగానే కొత్త మచ్చలకు దారి తీస్తాయి. బ్రేక్ పొడి పోవడానికి, చక్రం చల్లారాక షాంపూ నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు.

నిజంగా బాగుచేయాలంటే టైరు విప్పి, పెయింట్ రిమూవర్‌తో పాత పొరంతా తీసేయాలి. 320 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ నున్నన) మొదలుపెట్టి 400, 600, 800, అలా 2000 దాకా తడుపుతూ రుద్దాలి. నంబరు మారినప్పుడల్లా రుద్దే దిశను అడ్డంగా మార్చండి, పాత గీత ఇంకా మిగిలి ఉంటే ఇట్టే తెలిసిపోతుంది. తొందరపడి ఒక నంబరు దాటేశారో, బఫ్ పట్టాక ఎండలో ఆ గీతలన్నీ బయటపడతాయి. పాలిష్ పెట్టేటప్పుడు గుడ్డకు నల్లగా అంటేది కూడా మురికి కాదు, అరిగిన అల్యూమినియమే. మరీ నున్నగా పాలిష్ చేసిన లోహానికి క్లియర్ కోట్ గట్టిగా పట్టదు. అందుకే నేనైతే వ్యాక్స్ రాసి, అప్పుడప్పుడు మళ్లీ రాసుకోమంటాను. డైమండ్ కట్ చక్రాల జోలికి మాత్రం చేత్తో వెళ్లొద్దు. అది చక్రాన్ని తిప్పుతూ ముఖాన్ని సన్నగా కోసే లేత్ యంత్రం మీద పని, పైగా కోసిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది.

మీ చిట్కాలో పగుళ్ల ఊసే లేదు. స్పోకుల మొదళ్లు, రిమ్ లోపలి అంచు వేలితో తడిమి, లైటు వేసి చూడాలి. పగులుకు వెల్డింగ్ పెట్టి పైన పాలిష్ కొట్టేవాళ్లున్నారు. తయారీలో వేడిచేసి బలం తెప్పించిన లోహం వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల మెత్తబడుతుంది. అలాంటి చక్రం ఎవరు తెచ్చినా నేను ముట్టుకోను. నట్లు కూర్చునే చోట, హబ్‌కు (చక్రాన్ని బిగించే ఇరుసు భాగానికి) ఆనుకునే ముఖం మీద పెయింట్ పడనివ్వకూడదు. ఆ పొర అణిగితే నట్లు వదులవుతాయి. బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి మరోసారి బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో సరిచూసుకోవాలి.

దయచేసి యాసిడ్, వైర్ బ్రష్ వాడొద్దని అదే పేజీలో సవరణ వేయండి.

ఇట్లు,
ఒక బఫింగ్ మేస్త్రి