మా బర్మా నవలకు అండగా నిలిచినవారికి కృతజ్ఞతలు

రంగూన్ నుంచి వచ్చి విశాఖపట్నంలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం గురించి నేను రాస్తూ వచ్చిన నవల పూర్తయి, అచ్చుకు వెళ్లింది. మూడు తరాల ఆ కథ నా పేరుతో వెలువడుతున్నా, అందులోని మనుషులకు మాటనూ నడకనూ ఇచ్చినవారు వేరే ఉన్నారు. వారికి నలుగురి ఎదుట కృతజ్ఞతలు చెప్పుకోవడం నా ధర్మంగా భావిస్తున్నాను.

అందరికన్నా ముందు, విశాఖలో ఉంటున్న ఒక మామ్మగారికి నమస్కరిస్తున్నాను. ఆమె పుట్టింది రంగూన్‌లోనే. 1962లో బర్మాలో జనరల్ నే విన్ నాయకత్వాన సైన్యం అధికారం చేజిక్కించుకుని, 1964లో దుకాణాలను జాతీయం చేసి, 50, 100 క్యాట్ల నోట్లను రద్దు చేసినప్పుడు, వాళ్ల నాన్నగారి బట్టల కొట్టు చూస్తుండగానే ప్రభుత్వపరమైపోయింది. ఓడ ఎక్కేముందు జరిగే తనిఖీలో బంగారం దక్కదని తెలిసిన తల్లి, ముందురోజు రాత్రే కూతురి చెవుల జూకాలు తీసేసి, కన్నాలు పూడిపోకుండా ఈనెపుల్లలు పెట్టిందట. ఆ పుల్లలతోనే ఆమె విశాఖ రేవులో దిగారు. స్వదేశానికి పంపుతున్నామని అధికారులు అన్నారు గాని, అంతవరకు ఆమె ఎన్నడూ చూడని దేశం ఇది. అక్కడ భారతీయులను కించపరిచే బర్మా మాటతో ‘కళా’లని ఈసడించినవారే ఉంటే, ఇక్కడ బడిలో ‘బర్మా పిల్ల’ అని దూరంగా కూర్చోబెట్టారు. ఇవన్నీ ఆమె ఎవరినీ నిందించకుండా చెప్పారు. తెలుగు ఎంత చక్కగా మాట్లాడినా, చిల్లర లెక్కపెట్టేటప్పుడు ఈనాటికీ ఆమె పెదవుల మీద కదిలేవి బర్మా అంకెలే. నా కథానాయిక స్వభావం ఎలా ఉండాలో ఎన్ని పుస్తకాలు చదివినా తేలనిది, ఆమె కూరగాయల డబ్బు లెక్కపెట్టడం చూశాక తేలింది.

నవలలోని తాతగారి తరం గురించి రాయడానికి పాత కాగితాలే దిక్కయ్యాయి. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే ఉండేవారనీ, 1930 మేలో అక్కడి రేవులో తెలుగు కూలీలు చేసిన సమ్మె దరిమిలా వారిపై ఘోరమైన దాడులు జరిగాయనీ పైపైన చదివి ఉన్నాను. అయితే కూలీలను పనికి కుదిర్చే మేస్త్రీ ఇచ్చే బయానా ఎలా అప్పుగా మారేదో, ఒకే గదిలో కూలీలు వంతులవారీగా ఎలా పడుకునేవారో తెలిపే నివేదికలను ఓపికగా వెతికి తీసి ఇచ్చింది ఒక గ్రంథాలయ ఉద్యోగి. నేను అడగని కాగితాలను కూడా ఆయన తెచ్చి ముందు పెట్టేవారు. సముద్రపు ఓడల అధ్యాయం పూర్తిగా ఆయన చలవే.

రాతప్రతిని చదివిపెట్టిన మిత్రులకు, అక్షరదోషాలు దిద్దిన మా అమ్మాయికి కూడా రుణపడి ఉన్నాను. ఆ మిత్రుల్లో ఒకరి తండ్రి 1942లో జపాన్ సేనలు ముంచుకొస్తుండగా కొండలూ అడవులూ దాటి కాలినడకన ఇటు చేరినవారు. నవలలోని తాతగారు చివరికి ఎక్కడివాడినని తేల్చుకుంటాడా అని నేను అడిగితే, ఆయన కాసేపు ఆలోచించి, తన తండ్రి పొలం కొన్నాక కూడా పెట్టె సర్దే ఉంచుకునేవారని చెప్పారు. ఆ మాట విన్నాకనే తాతగారి చేత ఏదో ఒక ఊరిని ‘మనది’ అనిపించకుండా వదిలిపెట్టాలని నిర్ణయించుకున్నాను. వలస వచ్చిన కుటుంబాల కథలకు ఒక గట్టి సమాధానంతో ముగింపు పలకాలన్న తొందర నాకు సరైనదిగా అనిపించదు.

మామ్మగారు తన పేరు ఎక్కడా రావద్దని కోరారు. అందుకే మిగతావారి పేర్లు కూడా రాయలేదు. మొదటి ప్రతి మాత్రం ఆమె చేతికే అందుతుంది. కళ్లు సరిగా కనబడటం లేదని అంటున్నారు గనుక, పక్కన కూర్చుని చదివి వినిపిస్తానని మాట ఇచ్చాను.