అల్లం ముక్కలో విటమిన్లు వెతక్కండి

ఎడిటర్ గారికి,

ఆరోగ్యం పేజీల్లో అల్లం గురించి ఎప్పుడు రాసినా పొటాషియం, మెగ్నీషియం, విటమిన్ సి పుష్కలం అన్న మాట ఉండి తీరుతుంది. ఆ లెక్క 100 గ్రాముల పచ్చి అల్లానిది అన్న సంగతి మాత్రం చాలాసార్లు ఎగిరిపోతుంది. అంత అల్లం ఒక్కరోజులో తినేవాళ్లెవరండీ? ఆ 100 గ్రాముల్లోనూ దాదాపు 79 గ్రాములు నీళ్లే, పొటాషియం సుమారు 415 మిల్లీగ్రాములు, విటమిన్ సి 5. మనం వేసుకునేది బొటనవేలి కొసంత ముక్క. మహా అయితే 5 గ్రాములు అనుకుందాం, అప్పుడు పొటాషియం 20 మిల్లీగ్రాములు, విటమిన్ సి పావు మిల్లీగ్రాము! రోజుకు పదుల మిల్లీగ్రాములు కావాల్సిన చోట ఈ పావు ఏ మూలకి?

అలాగని అల్లం దండగ అనడం లేదు, దాని అసలు సరుకంతా ఘాటులో ఉంది. పచ్చి ముక్క కొరికితే నాలుక చుర్రుమనిపించేది జింజెరాల్. ఎండబెట్టి శొంఠి చేస్తే అందులో కొంత నీటి అణువును వదిలేసి షోగాల్‌గా మారుతుంది, అది ఇంకా ఘాటు, అందుకే శొంఠి పొడి చిటికెడు వేసినా తెలిసిపోతుంది. ఉడికిస్తే కొంత జింజెరోన్ అయి, ఘాటు తగ్గి కాస్త తియ్యటి వాసన వస్తుంది. మూడూ ఒకటి కానప్పుడు "అల్లం మంచిది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, ఏ అల్లం, ఎంత, దేనికి అని అడగాల్సిందే.

వేవిళ్లలో వచ్చే వికారం తగ్గుతుందనడానికి ఉన్నంతలో మంచి ఆధారాలే ఉన్నాయి, ఆ పరిశోధనల్లో ఎక్కువగా వాడింది రోజుకు ఒక గ్రాము దాకా ఎండు అల్లం పొడి. మోకీళ్ల అరుగుదల నొప్పికి ఉపశమనం ఉంది గానీ కొద్దిగానే. ఇక అల్లం క్యాన్సర్‌ని తగ్గిస్తుందన్న సంగతంటారా, ల్యాబ్‌లో గాజు పళ్లెంలోని కణాల మీద కనిపించింది తెచ్చి మనిషికి అంటగడుతున్నారు, ఇది చదివి మందులు మానేసేవాళ్లు ఉంటారేమోనని నాకు టెన్షన్.

ఇంకోటి. వార్ఫరిన్ లాంటి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులు వాడేవాళ్లు అల్లం క్యాప్సూల్స్ మొదలుపెట్టే ముందు డాక్టర్‌ని అడగాలి, గర్భిణులూ అంతే. వంటలో పడే అల్లంతో మామూలుగా భయం లేదు, మోతాదు పెరిగితే కొందరికి గుండెల్లో మంట, విరేచనాలు వస్తాయి. ఈ హెచ్చరికని చివర్లో చిన్న అక్షరాల్లో కాకుండా లాభాలు రాసిన సైజులోనే, వాటి పక్కనే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు