బోరు పాయింటుకు లైసెన్సు సరే, బోర్డుకు డబ్బెక్కడిది?

సంపాదకులకు,

బోరు వేసే రిగ్గుకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బోరు ఎక్కడ వేయాలో పాయింటు చూపించే ప్రైవేటు జియాలజిస్టుకు మాత్రం రాష్ట్ర లైసెన్సంటూ లేదు. ఉండి తీరాలన్నది మా కోరిక. అయితే ఆ లైసెన్సులిచ్చే బోర్డు పెట్టేముందు కాలిఫోర్నియాలో జరిగింది చూడాలి.

అక్కడ జియాలజిస్టుల చట్టం 1968లో వచ్చింది. 1971 శాన్ ఫెర్నాండో భూకంపం తర్వాత, భూకంప భ్రంశాల (నేల చీలి కదిలే పగుళ్ల) వెంట మనుషులుండే కట్టడాలు చాలావరకు లేపాలంటే లైసెన్సున్న జియాలజిస్టు నివేదిక ఇవ్వాల్సిందేనని మరో చట్టం తెచ్చారు. లైసెన్సు కావాలంటే చదువుతో కలిపి అయిదేళ్ల అనుభవం ఉండాలి, పరీక్షలు నెగ్గాలి.

అక్కడి లైసెన్సు బోర్డుకు పన్నుల డబ్బు నుంచి పైసా రాదు. దరఖాస్తు రుసుము, రెండేళ్లకోసారి కట్టే రెన్యువల్ రుసుమే ఆధారం. జీతాలు, అద్దె, పరీక్షల ఖర్చు ముందే లెక్కకు అందుతాయి. అందనిది ఫిర్యాదుల ఖర్చు. ఫిర్యాదు రాగానే కాగితాలు తెప్పించాలి, మరో జియాలజిస్టుకు డబ్బిచ్చి ఆ నివేదిక చదివించాలి. చిన్న తప్పయితే 5,000 డాలర్ల దాకా జరిమానాతో పోతుంది. లైసెన్సు రద్దు చేయాలంటే అటార్నీ జనరల్ న్యాయవాదులు, విచారణ జడ్జి రావాలి. ఇద్దరి బిల్లూ బోర్డుదే. లైసెన్సుదారులు కొద్దిమందే ఉన్న బోర్డును ఒక్క పెద్ద కేసు కుంగదీస్తుంది. అప్పుడు రుసుమైనా పెంచాలి, కేసులైనా నానబెట్టాలి.

2009లో జియాలజిస్టుల ప్రత్యేక బోర్డును రద్దు చేసి, ఇంజినీర్లు, సర్వేయర్ల బోర్డులో కలిపేశారు. ఇప్పుడు 15 మంది సభ్యుల్లో ఈ రంగానికి దక్కింది ఒక్క కుర్చీ. 8 మంది సామాన్య పౌరులు. పౌరులకు మెజారిటీ ఉండటం మంచిదే, మాకు అభ్యంతరం లేదు. భ్రంశం గురించి తెలిసిన గొంతు ఒక్కటే కావడం మాత్రం అన్యాయం.

తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సుదారులు ఇంకా తక్కువే ఉంటారు. కాబట్టి రెండు రాష్ట్రాలకూ ఒకే పరీక్ష పెట్టాలి. రుసుము ఖాతా నుంచి ఖజానాకు పైసా మళ్లకుండా చట్టంలోనే రాయాలి. కేసుల కోసం విడిగా నిధి ఉంచాలి.

అన్నింటికన్నా ముఖ్యం: పాయింటు ఇచ్చిన ప్రతి నివేదికపైనా లైసెన్సు నంబరు, సంతకంతో పాటు రెసిస్టివిటీ సర్వే (నేలలోకి కరెంటు పంపి దాని నిరోధాన్ని కొలిచే పద్ధతి) రీడింగులు, నేలలో దిగ్గొట్టిన ఎలక్ట్రోడ్ల మధ్య దూరాలు, గ్రాఫు జతచేయాలి. గ్రానైటు నేలలో సర్వే సక్రమంగా చేసినా బోరు ఎండవచ్చు, ఊరికే చూపిన పాయింటులోనూ నీళ్లు పడవచ్చు. కనుక బోర్డు విచారించాల్సింది నీళ్లు పడ్డాయా లేదా అన్నది కాదు, సర్వే ఎలా జరిగిందన్నది. ఆ రీడింగులు లేకపోతే, నష్టపోయిన రైతు ఫిర్యాదు పట్టుకొచ్చినా బోర్డు చేతిలో తేల్చడానికి ఏమీ ఉండదు.

- కొందరు తెలుగు జియాలజిస్టులు