గ్లాస్గో నుంచి తమ్ముడికి: ఈసారి పల్లి సభకి (మన ఊరి సభకి) అందరూ వెళ్లండి

ఒరే తమ్ముడూ,

అందరూ బాగున్నారా, అమ్మ మోకాలి మందులు టైముకి వేసుకుంటోందా. నీ వాయిస్ మెసేజ్ మళ్లీ మళ్లీ విన్నానురా. బళ్లో తెలుగు మాస్టారు రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరినీ వెయ్యలేదు, పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుకుని బళ్లో ఒడియా మాత్రమే రాస్తున్నారు, ఎవరికి చెప్పుకుంటాం అక్కా, భువనేశ్వర్ వాళ్లకి మనం తెలుగోళ్లం, శ్రీకాకుళం వాళ్లకి మనం ఒడిశా వాళ్లం అన్నావు చూడు, ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఫోన్లో చెప్తే సగం విని సరేలే అంటావని ఇదంతా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ఇక్కడ స్కాట్లాండ్‌లో కూడా ఒకప్పుడు చట్టాలన్నీ లండన్‌లోనే చేసేవారు. 1997లో ఓటు పెడితే వందకి 74 మంది మాకు సొంత పార్లమెంటు కావాలన్నారు, 1999లో అది ఎడిన్‌బరాలో మొదలైంది. ఇప్పుడు బళ్లు, ఆసుపత్రులు, పోలీసు, కోర్టులు అన్నీ ఇక్కడి వాళ్ల చేతిలోనే ఉన్నాయి, సైన్యం, విదేశాంగం, వీసాలు మాత్రం లండన్‌వి, అంటే నా వీసా గురించి ఎడిన్‌బరాలో ఎవరిని అడిగినా వాళ్లు చెయ్యగలిగింది ఏమీ లేదు. కానీ ఓటు ఉందిరా నాకు! ఇండియా పాస్‌పోర్టే, అయినా ఓటు ఉంది, ఇక్కడ పార్లమెంటుకి 16 ఏళ్ల పిల్లలు కూడా ఓటేస్తారు. మొత్తం 129 మంది సభ్యులు, అందులో 73 మంది నియోజకవర్గాల వాళ్లు, మిగతా 56 మంది 8 ప్రాంతాల నుంచి ఏడుగురు చొప్పున. అంటే నాకు నా నియోజకవర్గం సభ్యుడు ఒకరు, పైన ఇంకో ఏడుగురు, ఒకరు పట్టించుకోకపోతే ఇంకో పార్టీ ఆయనకి రాసుకోవచ్చు. ఓడిపోయిన పార్టీకి ఓటేసిన వాళ్లకి కూడా అడగడానికి ఒక మనిషి ఉంటాడన్నమాట, ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది.

ఇంకోటి పిటిషన్. ఒక్క మనిషి సంతకంతో పార్లమెంటుకి పిటిషన్ పెట్టొచ్చు, ఇన్ని వేల సంతకాలు కావాలనే రూలు లేదు. దానికంటూ ఒక కమిటీ ఉంది, వాళ్లు ప్రభుత్వానికి రాసి జవాబు అడుగుతారు. 2014లో, ఒంట్లో మెష్ అనే ప్లాస్టిక్ వల పెట్టే ఆపరేషన్లు చేయించుకుని నరకం చూసిన కొందరు ఆడవాళ్లు ఇలాగే పిటిషన్ పెట్టారు, నడవలేని వాళ్లు కూడా వచ్చి కమిటీ ముందు కూర్చుని చెప్పారు, వదల్లేదు వాళ్లు, ఏళ్లకి ఏళ్లు తిరిగారు, చివరికి 2022లో ఆ మెష్ సొంత డబ్బుతో తీయించుకున్న వాళ్లకి ఖర్చు తిరిగి ఇచ్చేలా చట్టమే వచ్చింది. చూడు ఎంత కాలం పట్టిందో.

ఇప్పుడు మన సంగతికి దగ్గరగా ఉన్నది చెప్తాను. ఇక్కడ గేలిక్ అని పాత భాష ఉంది, 2022 జనగణనలో అది మాట్లాడేవాళ్లు 70 వేలమంది దాకా తేలారు, అంతే. అయినా గ్లాస్గోలో ఏళ్లుగా గేలిక్ మీడియం బడి నడుస్తోంది. 2016లో చేసిన విద్యా చట్టంలో ఏం పెట్టారంటే, తల్లిదండ్రులు మా పిల్లలకి గేలిక్‌లో ప్రైమరీ చదువు కావాలని రాసి అడిగితే కౌన్సిల్, అంటే ఇక్కడి స్థానిక సంస్థ, దాన్ని పరిశీలించి తీరాలి, మూల పడెయ్యడానికి వీల్లేదు. ప్రతిసారీ బడి వచ్చేస్తుందని కాదు, కానీ జవాబు మాత్రం చెప్పాల్సిందే.

నువ్వు అంటావు, అది వాళ్ల దేశంలే అక్కా అని. కాదురా, కాగితం మీద మన బలమే ఎక్కువ. స్కాట్లాండ్ పార్లమెంటు లండన్ చేసిన చట్టం మీద నిలబడింది, ఇక్కడ పాసైన ఒక బిల్లుని 2023 జనవరిలో లండన్ ఆపేసింది కూడా. మన పంచాయతీకి రాజ్యాంగమే ఆధారం, 1993లో అమల్లోకి వచ్చిన 73వ సవరణ, ఆ పదకొండో షెడ్యూల్‌లోని 29 అంశాల్లో బడి కూడా ఉంది. రాజ్యాంగంలోనే 350ఎ అధికరణం ఉంది, 1956లో చేర్చారు, భాషా మైనారిటీ పిల్లలకి ప్రైమరీలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చెయ్యాలని. మనం ఒడిశాలో గుణుపురం దగ్గర ఉన్నా అది మన పిల్లలకీ వర్తిస్తుంది, ఎవరి దయా అక్కర్లేదు.

పల్లి సభల వల్ల ఏమవుతుంది అంటావా? మన రాయగడ జిల్లాలోనే కదరా నియమగిరి! 2013లో ఊళ్ల వాళ్లనే అడగమని సుప్రీంకోర్టు చెప్పాక మన జిల్లాలోనూ కలహండిలోనూ కలిపి 12 ఊళ్లలో సభలు పెట్టారు, కొండ మీద బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) తవ్వనివ్వం అని 12 ఊళ్లూ అన్నాయి, అక్కడి ఆదివాసులు డొంగరియా కోంధులు జడ్జి గారి ముందే చెప్పారు, తర్వాతి ఏడాది ఢిల్లీలో మంత్రిత్వ శాఖ అనుమతి ఇవ్వలేదు. గని తవ్వాలనుకున్న అంత పెద్ద కంపెనీ ముందు అడవిలో ఉండే మనుషుల మాట నెగ్గింది, కోర్టుల్లో ఏళ్ల తరబడి కొట్లాడాకే అనుకో, కానీ ఆఖరి మాట పల్లి సభల్లోనే తేలింది.

అందుకని ఫిబ్రవరిలో పల్లి సభ పెట్టినప్పుడు మన వీధి వాళ్లంతా వెళ్లండి. ఆడవాళ్లని ముఖ్యంగా తీసుకెళ్లు, ఒడిశాలో పంచాయతీ సీట్లలో సగం వాళ్లవే, పిల్లల చదువు గురించి వదిన నీకంటే బాగా మాట్లాడుతుంది. టీచర్ని వెయ్యడం పంచాయతీ చేతిలో లేదు, అది నాకూ తెలుసు, కానీ తెలుగు టీచర్ కావాలని సభ తీర్మానం ఉంటే పైవాళ్లు దేనికి జవాబు చెప్పాలో అది కాగితం మీద ఉంటుంది. ఏ క్లాసులో ఎంతమంది తెలుగు పిల్లలున్నారో పేర్లతో లిస్టు రాసుకో. తీర్మానం పుస్తకంలోకి ఎక్కించాక, చదివి వినిపించమని అడిగి అప్పుడు సంతకాలు పెట్టండి, ఖాళీ పేజీ మీద మాత్రం ఎవరూ పెట్టొద్దు, తర్వాత రాసుకుంటాం అంటే ఒప్పుకోకండి. ఒక కాపీ బీడీఓకి, ఒకటి కలెక్టర్ గారి సోమవారం గ్రీవెన్స్‌లో ఇవ్వండి, రసీదు అడగండి. కదలిక లేకపోతే ఆర్టీఐ వెయ్యి, 30 రోజుల్లో చెప్పాలి.

ఒడియాలో రాయడానికి నీ ఫ్రెండు ఎవరైనా ఉంటే డ్రాఫ్ట్ రాయించు, తెలుగులో నేను రాసి ఆదివారం పంపుతాను, 350ఎ సంగతి అందులో పెడతాను. ముందు పిల్లల లిస్టు పంపు. నాన్నని అడిగానని చెప్పు.

మీ అక్క