బోటు అడుగు కడగడం: ఈ సీజన్ నుంచి పద్ధతి మారింది, రేటూ మారింది

రంభ, బాలుగావ్, గోపాల్‌పూర్ వైపు నుంచి మా షెడ్డుకి వచ్చే అన్నయ్యలందరికీ ముందే చెప్పేస్తున్నా, తర్వాత గొడవ వద్దు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరబోట్లకి వేట బంద్ కాబట్టి రిపేర్లన్నీ అప్పుడే పెట్టుకుంటారు, వచ్చినవాళ్లు అడిగేది ఒకటే: ‘ఇంజన్ కింద ఆయిల్, నీళ్లు కలిసి నల్లగా నిలిచింది, తోడేసి కడిగెయ్యండి.’ ఇకమీదట ఉత్తినే తోడి కడగం. లీకు పట్టుకుని ఆపాకే కడుగుతాం. రేటు 800 కాదు, 1,200. కొందరికి కోపం వస్తుంది, వేరే షెడ్డుకి పోతారు, అయినా సరే.

లీకు పట్టడం పెద్ద విద్యేం కాదు గానీ ఓపిక కావాలి. ఇంజన్ పొడిగా తుడిచి, కింద పాత పేపర్లు పరిచి, డీజిల్ పైపుల జాయింట్ల మీద ముఖానికి రాసుకునే పౌడరే కాస్త చల్లి అరగంట నడుపుతాం. తడి ఎక్కడ మొదలైందో పౌడర్ మీద గీతలా తెలిసిపోతుంది, చాలాసార్లు అరిగిపోయిన రాగి వాషరే దొంగ. షాఫ్టు గ్లాండు దగ్గర, అంటే ఫ్యాను తిప్పే కడ్డీ బోటు లోంచి బయటికి పోయే చోట, నీళ్లు చుక్క చుక్క పడుతుంటే మాత్రం కంగారు పడొద్దు, నీళ్లు రాకుండా అక్కడ చుట్టూ కూరిన ప్యాకింగుకి ఆ చల్లదనం కావాలి, పూర్తిగా బిగించేస్తే ప్యాకింగు మాడి షాఫ్టు అరుగుతుంది. ధారగా వస్తే అప్పుడు చూద్దాం.

సర్ఫు పొయ్యమని అడగొద్దు. పోస్తే ఆయిల్ పోయినట్టు కనపడుతుందంతే, సన్న బొట్లుగా విడిపోయి నీళ్లలో కలిసిపోతుంది, ఇక దాన్ని విడదియ్యలేం. డీజిల్ పైన తేలుతుండగానే తెల్ల ప్యాడ్లు పరిచి పీలుస్తాం, అవి ఆయిల్ తాగుతాయి, నీళ్లు ముట్టవు. అడుగున చేరిన నీళ్లు తోడే ఆటోమేటిక్ పంపు ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త, నీళ్లు పెరగ్గానే దానంతటదే ఆన్ అయి ఆయిల్‌తో సహా చిలికా సరస్సులోకి కక్కేస్తుంది. అక్కడ వలలు వేసుకునేది కూడా మనవాళ్లే కదా.

తోడిన నల్ల ఆయిల్ కొంటామని తిరిగేవాళ్లున్నారు, మంచి రేటే చెప్తారు, ఇవ్వం. కేంద్రం పెట్టిన 2016 వ్యర్థాల నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం, పర్మిషన్ ఉన్న రీసైక్లర్‌కే వెళ్లాలి. డ్రమ్ముల్లో దాచి పంపే ఖర్చు, ప్యాడ్ల ఖర్చు, లీకు వెతికే కూలి, పెరిగిన 400 వీటికే. మార్చాల్సిన సామాను ఖర్చు వేరే, బిల్లు చూపించే తీసుకుంటాం.

పెట్రోల్ ఇంజన్ ఉన్నవాళ్లకి ఇంకో మాట. అడుగు నుంచి వాసన కొడుతుంటే స్టార్ట్ చేసి మా దగ్గరికి తేవొద్దు, పంపు స్విచ్చు వెయ్యొద్దు, బీడీ సంగతి చెప్పక్కర్లేదు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, కిందే కూర్చుంటుంది, ఒక్క స్పార్కు చాలు. మూతలు తీసి గాలాడనిచ్చి కబురు పెట్టండి, బోటున్న చోటికి మేమే వస్తాం, దానికి అదనంగా తీసుకోం.