చేనుకాడి బోరు నీళ్లు: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ముందే ఒక మాట ఒప్పుకోవాలి. ఈ ఏడాది మన సంఘానికి దొరికిన పెద్ద పని మనం మొదలుపెట్టింది కాదు. హైదరాబాద్ నుంచి ఒక పరిశోధన బృందం వచ్చి, మన నల్లగొండ జిల్లా మర్రిగూడ, చండంపేట వైపు ఊళ్లలో, పళ్లనూ ఎముకలనూ పాడుచేసే బోరు నీళ్ల ఫ్లోరైడ్ మీద మళ్లీ సర్వే చేస్తాం, ఇంటింటికీ తిరగడానికి మనుషులను చూపించండి అని అడిగింది. కార్యవర్గంలో సగం మంది వద్దే వద్దన్నారు.

వాళ్ల కోపంలో తప్పేం లేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని దేశమంతా 'నల్లగొండ టెక్నిక్' అంటుంది. పేరు మనది. కానీ ఏళ్ల తరబడి ఎవరెవరో వచ్చి నీళ్లు పట్టుకుపోయారు, పళ్లు చూశారు, మోకాళ్లు వంచి చూశారు. ఏం తేలిందో చెప్పే కాగితం మాత్రం చాలా ఇళ్లకు రాలేదు. పైగా ఖమ్మం సంగతి అందరికీ గుర్తుంది. 2009లో అక్కడ ఒక పరిశోధన ప్రాజెక్టు కింద ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు ఎన్నో ఫారాల మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2010లో ఆ పని ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తప్పుపట్టింది. టీకా మంచిచెడ్డలు వేరే మాట. పిల్ల తల్లిని అడగకపోవడమే అక్కడి తప్పు.

అందుకని ఊరికే ఒప్పుకోలేదు. ప్రతి ఇంటి ఫలితం ఆ ఇంటికే తెలుగులో ఇవ్వాలి, ఫారం మనకు ముందే చూపించాలి, మన మనుషులకు కూలి కట్టివ్వాలి అన్నాం. మూడింటికీ రాసిచ్చారు. మూడోదానికే ఎక్కువ బేరమాడారు, ఆ సంగతి కూడా రికార్డులో ఉండాలి.

మొదటి వారం అంతా వృథా అయింది. సర్వే పిల్లలు పొద్దున పదకొండింటికి వచ్చేవారు. పత్తి ఏరే రోజులు. ఆ వేళకు ఇంట్లో ఉండేది ముసలివాళ్లు, లేకపోతే కూలికి పోవాల్సిన అవసరం లేనివాళ్లు. రోడ్డు పక్క ఇళ్లు టకటకా అయిపోయాయి, ఎస్సీ వాడలో, తండాల్లో తాళాలు కనిపించాయి. 'ఇంట్లో ఎవరూ లేరు' అని రాసి పక్కింటికి పోవడమే. ఇట్లా లెక్క తీస్తే ఊరు మొత్తం పెద్ద రైతుల ఊరైపోతుంది. రెండో వారం నుంచి రాత్రి ఏడు దాటాక తిరిగాం. సెల్‌ఫోన్ లైటు వెలుతురులో ఫారాలు నింపిన ఆశా అక్కలకు ఈ నివేదిక ద్వారా సంఘం కృతజ్ఞత చెబుతోంది.

ఇక ఏడాది మొత్తంలో నాకు బాగా గుర్తుండే రాత్రి ఒకటుంది. దేవరకొండ అవతల ఒక తండాలో అరుగు మీద కూర్చుని, 'మీరు తాగేది ఏ నీళ్లు?' అని ఫారంలో ఉన్న ప్రశ్న చదివాం. ఆ ఇంటామె 'నల్లా నీళ్లు' అంది. రాసుకున్నాం. లేవబోతుంటే ఆమే మళ్లీ అడిగింది: 'ఇంట్ల నల్లా నీళ్లే సారూ. పొద్దుగాల పోతే పొద్దుగూకినంక వస్తం. చేనుకాడ బోరు నీళ్లు తాగక ఏం తాగుతం?' ఫారం నింపుతున్న సర్వే చిన్నోడు పెన్ను పట్టుకుని అట్లనే నిలబడ్డాడు. మిషన్ భగీరథ నీళ్లు ఇంటి దాకా వచ్చాయి, చేను దాకా రాలేదు. ఎండలో పనిచేసే మనిషి రోజులో ఎక్కువ నీళ్లు తాగేది అక్కడే. మర్నాడే ఫారంలో కొత్త ప్రశ్న చేరింది: పనికి పోయిన చోట ఏ నీళ్లు తాగుతారు? చేనుకాడి బోర్ల నీళ్లూ పరీక్షకు పోయాయి. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము దాటకూడదని ప్రమాణం, వేరే నీళ్లు దొరకని చోట ఒకటిన్నర దాకా ఒప్పుకుంటారు.

సమ్మతి పత్రం సంగతి. 'స్వచ్ఛందంగా పాల్గొనుటకు' అన్న మాట చదివితే మన తెలుగువాళ్లకే నిద్ర వచ్చింది. 'ఇష్టముంటేనే వివరాలు ఇయ్యుండ్రి, నడుమ వద్దనుకుంటే మానేయొచ్చు, మానేసినా దవాఖానలో ఎవరూ ఏమీ అనరు' అని మార్పించాం. తండాల్లో డిగ్రీ చదివే ఇద్దరు అమ్మాయిలు అదే విషయాన్ని లంబాడీలో చెప్పారు. వేలిముద్ర వేసేవాళ్లకు చదువుకున్న సాక్షి ఉండాలి, ఆ సాక్షి పరిశోధన మనిషి కాకూడదు. ఆ నియమం ముందునుంచీ ఉన్నదే, పాటించడం ఇప్పుడు చూశాం.

ఫ్లోరైడ్ పరీక్షకు మూత్రం నమూనా అడిగే దగ్గర టెన్షన్ పడ్డాం. నలుగురు మగవాళ్ల ముందు ఆడవాళ్ల చేతికి డబ్బా ఇస్తే ఎవరు తీసుకుంటారు? రాత్రే ఆశా అక్క ఇచ్చి, తెల్లారి ఆమే తీసుకొచ్చింది.

గ్రామసభలో ఒక పెద్దాయన చింతపులుసు తింటే ఫ్లోరైడ్ పోతదా అని అడిగితే కొందరు నవ్వారు. బృందంలోని డాక్టరమ్మ నవ్వలేదు. చింతపండు తిన్న బడిపిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2002లోనే ప్రచురించారని చెప్పింది. అయితే వంగిన ఎముక దానితో తిరిగి నిలబడదనీ చెప్పింది. నీళ్లు మరగబెట్టినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుందన్న సంగతి చాలామందికి కొత్త.

ఫలితాల మొదటి విడత ఇంగ్లీషులో వచ్చింది. తిప్పి పంపాం. తెలుగులో వచ్చేసరికి రెండు నెలలు పట్టింది. తండాల్లో దీపావళి తర్వాత పట్నం బిల్డింగు పనులకు వెళ్లిన కుటుంబాల కాగితాలు ఇంకా సంఘం బీరువాలోనే ఉన్నాయి. తొలకరికి వాళ్లు వచ్చాక చేతికే ఇవ్వాలి, పక్కింట్లో పెట్టి రావద్దు.

జమాఖర్చుల పత్రం విడిగా పంచాం. వచ్చే విడత నీళ్ల సేకరణకు వచ్చే సభ్యులు ప్లాస్టిక్ సీసాలే తేవాలి. ఫ్లోరైడ్ పరీక్షకు గాజు పనికిరాదని తెలియక పోయినసారి క్వార్టరు సీసాల్లో పట్టిన నీళ్లన్నీ పారబోయాల్సి వచ్చింది. వాటిని తెచ్చింది ఎవరో కాదు, మన కార్యవర్గమే.

– కార్యదర్శి